టిప్పుసుల్తాను పడకగది ఖడ్గము - దానిఁ బడసిన బేయర్డు సేనాని కొలువు

శాసనమను మాట వినఁగానే మన పండితలోకమునకు శిలయుఁ దామ్రపత్రమును దోఁచును. ఆయుధముమీఁది యక్షరములను శాసనములుగా నెంచి చదువు వాడుక మనలో మిక్కిలి తక్కువ. విజయదశమినాఁడు కుంకుమపెట్టి పూజించు కత్తిమీఁద నేవేని గీఁతలున్నచో నవి లతలో, లిపియో యని తిప్పి చూచువారరుదు. ఆ విషయమున నొక త్రోవ చూపుటకై ప్రసిద్ధమైన యొక ఖడ్గమును గైకొని, దానిమీఁది లిపిని, దానిని సమర్పించిన వాక్యమును, దానిఁ బడసిన సేనాని కొలువును విడివిడిగాఁ బరిశీలింపఁదలఁచితిని. ఈ ఖడ్గము కడపసీమలోఁ దయారైనది గాదు. ఇచట దొరకినదియుఁ గాదు. కాని దీని కథకుఁ దొలిమెట్టు కడపసీమలోనే యున్నది. మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతముల యుపాధ్యాయులకు దీనిఁ జెప్పఁబూనుటకు హేతువదియే.

1799వ సంవత్సరము మే నెల 4వ తేదీని శ్రీరంగపట్టణపుఁ గోట యింగ్లీషువారి వశమయ్యెను. ఆ దినమే టిప్పుసుల్తాను మరణించెను. పిమ్మట నతని పడకగదిలో దొరకిన యొక ఖడ్గమును, కోటపైఁ బడిన సేనను నడపిన డేవిడ్ బేయర్డు అను మేజరు జనరలునకు సైన్యము బహుమానముగా నిచ్చెను. అది 2023వ సంవత్సరము మే 23వ తేదీని లండను నగరమున బోన్‌హామ్స్ వారి వేలములో ఒక కోటి నలువది లక్షల పౌండ్లకు మించిన వెలకు అమ్ముడుపోయెను. ఇంత వెల యుక్కునకుఁ గాదు, బంగారమునకుఁ గాదు. ఆ కత్తితోఁ గూడివచ్చిన పేళ్లకు. కావున ఆ పేళ్లను జదువుట యెట్లో తెలిసికొనుట యనావశ్యకము గాదు.

ఖడ్గమున లిపి రెండు తావులఁ గలదు. అలుగుమీఁద బంగారముతో 'షంషీర్-ఇ-మలిక్' అని పారసీకవాక్యము. పిడిమీఁద బంగారు లిపిలోనే భగవంతుని గుణనామములును, ఆయనను బిలుచు సంబోధనములును. ఇట్టి పనిని ఉత్తరాదివారు కోఫ్తగరీ యందురు. ఉక్కుమీఁద సన్నని గీఁతలు అడ్డముగాను నిలువుగాను గీచి గరుకు చేసి, ఆ గరుకుమీఁద బంగారు తీఁగను లిపి త్రోవలోఁ బఱచి, సుత్తితో మెల్లఁగా నడఁచుదురు. తీఁగ గీఁతలలోఁ జిక్కుకొని నిలుచును. పిదప మెఱుఁగు పెట్టుదురు. శిలమీఁద నులితోఁ జెక్కిన యక్షరము లోఁతువలన నిలుచును. ఇది పట్టువలన నిలుచును. అందుచేతఁ బాత కత్తులమీఁద బంగారము రాలిపోయినను, అడుగునున్న గరుకు గీఁతలు మిగిలి లిపి యాకారమును జూపుచుండును. ఏటవాలు వెలుతురులో కత్తిని ద్రిప్పి చూచినచో నట్టి లిపి కొంతవఱకుఁ దెలియును. చింతపండుతోను ఇసుకతోను దోముట మన యిండ్ల యాచారము. అది యీ గీఁతలకుఁ బరమశత్రువు.

ఇఁక శబ్దవిచారము. ఖడ్గమునకు అమరసింహుఁడు తొమ్మిది పేళ్లు చెప్పెను: ఖడ్గము, నిస్త్రింశము, చంద్రహాసము, అసి, రిష్టి, కౌక్షేయకము, మండలాగ్రము, కరవాలము, కృపాణము. ఇవి బాలురు వల్లించు పర్యాయములే యైనను, వీనిలోఁ గొన్ని వస్తులక్షణమును జెప్పుచున్నవి. ముప్పది యంగుళములను మించినది నిస్త్రింశము. సంఖ్యాశబ్దము తుదనున్న తత్పురుషమునకు డచ్ ప్రత్యయము విధించి వార్తికకారుఁడు దీనిని సాధించెను. కుక్షియందు, అనఁగాఁ బ్రక్కను, వ్రేలాడునది కౌక్షేయకము. పాణిని యొక్క సూత్రముననే కులశబ్దమునుండి కుక్కకును, కుక్షిశబ్దమునుండి కత్తికిని, గ్రీవాశబ్దమునుండి కంఠాభరణమునకును ఒకే ప్రత్యయమును విధించినాఁడు. రాజద్వారమునఁ గనఁబడు వస్తువులన్నియు నొక్కచోఁ జేరినవి గదా యని మా గురువులు నవ్వుచుండెడివారు. కొన వంపుగలది మండలాగ్రము. తురకకత్తిని వర్ణింపవలసినచో నాకు నీ శబ్దమే తగియుండునని తోఁచును. పిడికి త్సరువనియు, ఒఱకుఁ గోశమనియు సంస్కృతనామములు. తెనుఁగున అలుగు, పిడి, ఒఱ యను మూఁడు మాటలు చాలును.

'షంషీర్-ఇ-మలిక్' అనుదానిలో షంషీర్ అనఁగాఁ గత్తి, మలిక్ అనఁగా రాజు. నడుమనున్న ఇకారము పారసీకభాషలో సంబంధమును దెలుపును. మనకు 'రాజఖడ్గము' అని షష్ఠీతత్పురుషమున విశేషణము ముందు వచ్చును. వారికి విశేష్యము ముందు, విశేషణము వెనుక. కనుక మాటలను వచ్చిన వరుసనే తెనిఁగించి 'ఖడ్గరాజు' అని యనువదించినచో నర్థము తలక్రిందగును. మఱియొక విశేషము. రాజార్థకమైన మలిక్ శబ్దమును, మన కచేరీలలో సొత్తుదారునికి వాడఁబడిన మాలిక్ శబ్దమును ఒకే యరబ్బీధాతువునుండి పుట్టినవి. మలిక్ అనునది యిస్లాము మతమున భగవన్నామములలోను ఒకటి. పిడిమీఁద భగవన్నామములున్న కత్తి యలుగుమీఁద 'మలిక్కుయొక్క ఖడ్గము' అని యున్నప్పుడు, ఆ మలిక్కు సింహాసనస్థుఁడా, సర్వేశ్వరుఁడా యను ప్రశ్న పుట్టకమానదు. రాజపరముగాఁ జదువుటయే లోకప్రసిద్ధము, నాకును సమ్మతము. అయినను రెండవ యర్థము ధ్వనించుచుండఁగనే యా మాట నెన్నుకొని యుందురని నా యూహ. ఇంతకన్న ముఖ్యమైన సంగతి, యీ వాక్యమున టిప్పు పేరు లేదు. ఖడ్గము టిప్పుదని చెప్పునది యలుగు గాదు; అది దొరకిన చోటు.

ఆ చోటును గూర్చి కొంత చెప్పవలెను. టిప్పుసుల్తాను పడకగది తలుపులు బిగించుకొని, పైకప్పునుండి వ్రేలాడు నుయ్యెలపడకలో, ఖడ్గమును బిస్తోళ్లను జేరువ నుంచుకొని నిద్రించుచుండెనని యాకాలపు వ్రాఁతలు చెప్పుచున్నవి. ఇట్టి జాగ్రత్తకుఁ గారణములు పెక్కుండవచ్చును. కాని కడపసీమ చరిత్రము నెఱిఁగినవానికి వెంటనే యొక రాత్రి జ్ఞప్తికి వచ్చును.

1779లో హైదరాలీ కడప నవాబైన అబ్దుల్ హలీంఖానుపై దండెత్తెను. ఆ దండయాత్రలో నవాబు పఠాను రౌతులు ఓడి లోఁబడిరి. వారిలో ఎనుబదిమంది, ప్రాణములనైన విడుతుము గాని కత్తులను విడువమని పట్టుపట్టిరి. వారి పౌరుషమునకు మెచ్చియో, మఱి యేలనో, హైదరు వారి కత్తులను వారియొద్దనే యుండనిచ్చెను. ఆ రాత్రియే వారు కావలివారిని నఱికి, హైదరు గుడారముమీఁదికిఁ బాఱిరి. హైదరు మేలుకొని గుడారపు గుడ్డను గత్తితోఁ జీల్చుకొని వెలుపలఁబడి బ్రదికెను. పట్టువడిన పఠానులకుఁ గలిగిన శిక్ష మిక్కిలి ఘోరమైనది. కాలుసేతులు తెగఁగొట్టిరని విల్క్సు దొర తన మైసూరు చరిత్రమున వ్రాసినాఁడు. తండ్రికి గుడారములోఁ గలిగిన యాపదకును, కొడుకు పడకయొద్ది ఖడ్గమునకును గార్యకారణసంబంధము గలదని నేను సాధింపఁబోను. అట్టి యాపద యా యింటివారు మఱచిపోఁదగినది మాత్రము గాదు.

నవాబు సిద్ధవటమున లోఁబడెను. అతనిని బందీగా శ్రీరంగపట్టణమునకుఁ బంపిరి. కడప మైసూరువారి క్రిందికి వచ్చెను. ఆ సంవత్సరముననే యింకొక సంగతి నడచినది. గుంటూరుసీమ దొరయైన బసాలత్ జంగునకుఁ దోడ్పడుటకై హార్పరు అను కంపెనీ సేనాని, హైదరు సెలవు లేకయే కడపసీమ కనుమలగుండ నాదోనికిఁ బోవఁజూచెను. కనుమలలో నతనికి దారి దొరకలేదు, మరలిపోవలసివచ్చెను. తన నేలమీఁద నడుగకయే యడుగుపెట్టిరని హైదరునకుఁ గలిగిన కోపము, మఱునాఁటి యేఁడు పుట్టిన యుద్ధమునకు గల కారణములలో నొకటి. యుద్ధ మారంభమైనపుడు గుంటూరునందున్న కంపెనీ పటాలమును దక్షిణమునకు నడిపించుకొని వచ్చినవాఁడు బెయిలీ. ఆ బెయిలీకిఁ దోడుగాఁ బంపఁబడిన దండులో నుండినవాఁడే మన కథానాయకుఁడైన బేయర్డు.

డేవిడ్ బేయర్డు స్కాట్లండు దేశీయుఁడు. 1757లోఁ బుట్టి 1772లో సైన్యమునఁ జేరెను. 1780 జనవరిలో స్కాట్లండు కొండసీమవారి పటాలమున కప్తానై చెన్నపట్టణమున దిగెను. దిగిన యెనిమిది నెలలకే, సెప్టెంబరు 10వ తేదీని, కాంచీపురము చేరువఁ బొల్లిలూరికడ బెయిలీ సైన్యమంతయు హైదరు చేతను టిప్పు చేతను నాశనమయ్యెను. బేయర్డు పెక్కు గాయములతోఁ బట్టువడి శ్రీరంగపట్టణపుఁ జెఱలోఁ బడెను. ఒంటిలోఁ దిగిన తుపాకిగుండు విడుదలయగువఱకు లోననే యుండెను. ఇనుపసంకెలలు వేయ వచ్చినపుడు, ఇతని గాయములు మానలేదు, ఇతని సంకెలలు గూడ నేనే మోయుదునని లూకాసు అను తోడి కప్తాను ముందునకు వచ్చెనని యొక కథ ప్రసిద్ధమైయున్నది. మూఁడున్నర యేండ్ల తఱువాత, 1784 మార్చిలో, మంగళూరు సంధి నాఁడు గాని యతనికి విడుదల దొరకలేదు. కడప నవాబును బంపినదియు నా శ్రీరంగపట్టణమునకే. ఒక యూర నిరువురు ఖైదీలు: ఒకనికి సొంతదేశము పోయినది, రెండవవాఁడు పరదేశమున నున్నాఁడు. ఒకని పేర ఖడ్గమున్నది. రెండవవాని పేర నేమున్నదో ముందు చెప్పెదను.

ఇట్టి చెఱ ననుభవించినవాఁడు మఱల నా కోటమీఁదికే వచ్చుట కావ్యములలోఁ గవి కల్పింపఁదగిన సంవిధానము. బేయర్డు రెండుమాఱులు వచ్చెను. 1791-92 సంవత్సరములలోఁ గారన్‌వాలీసు క్రింద వచ్చినపుడు కోట పడలేదు, సంధి కుదిరెను. 1792 నాఁటి యా సంధివలనఁ గడపసీమ మైసూరునుండి నిజామునకుఁ బోయెను. 1799లో హారిసు సేనాధిపత్యమున వచ్చినపుడు కోటకు గండి పడఁగా, లగ్గకుఁ దానే ముందు నడచెదనని బేయర్డు కోరి సెలవందెను. నాలుగువేలకుఁ బైబడిన భటులతో మధ్యాహ్నవేళఁ గావేరి దాఁటి కొలఁది నిమిషములలో గండిపై జెండా నిలిపెను. సుల్తాను కోటద్వారముకడఁ బోరుచుఁ బేరు తెలియని యొక భటునిచేఁ గూలెను. చీఁకటి పడినపిదప దివిటీల వెలుఁగున శవముల నడుమ నతనిని వెదకి గుర్తించినవారిలో బేయర్డు ఉండెను. డేవిడ్ విల్కీ యను చిత్రకారుఁడు ఆ ఘట్టమునే 1839లోఁ బెద్ద చిత్రముగా వ్రాసెను. అప్పటికి బేయర్డు గతించి పదియేండ్లయినది.

ఇచట నొక భ్రమను బోఁగొట్టవలెను. ఈ ఖడ్గము టిప్పు చావునాఁడు చేతఁ బట్టినదని పలువురు చెప్పుకొనుట కలదు. అది నిజము గాదు. చేతిలోనిది వేఱు, ఇది పడకగదిలోనిది. సమర్పణమున నా మాట స్పష్టముగాఁ జెప్పఁబడినది.

ఆ సమర్పణవాక్యపు టభిప్రాయ మిది: బేయర్డు తాను నడపిన లగ్గయందుఁ జూపిన ధైర్యమునకును, నడవడికిని, సైన్యమునకు గల గొప్ప యాదరమునకు గుఱుతుగా నిది యీయఁబడినది, ఆ లగ్గయందే టిప్పుసుల్తాను చంపఁబడెను. వైయాకరణుఁడు దీనిలో రెండు విషయములు చూడవలెను. లగ్గను నడపుటకుఁ గర్త బేయర్డు; అది స్పష్టము. టిప్పును జంపుటకుఁ గర్త యెవఁడు? కర్మణిప్రయోగమున వాక్యము నడచినది, కర్త చెప్పఁబడలేదు. చంపినవాఁడెవ్వఁడో తెలియదు గనుక వాక్యము న్యాయముగనే యున్నది. కాని 'లగ్గయందు' అను నధికరణము వలన నా వధయొక్క కీర్తి బేయర్డు పేరిప్రక్కనే నిలుచుచున్నది. సత్యమును దప్పకయే ప్రశంసను బెంచుట ప్రశస్తికారుల నేర్పు. మన శాసనకవులకును నిది క్రొత్త గాదు.

రెండవది, దానశాసనలక్షణము. మన దానశాసనమున దాత, ప్రతిగ్రహీత, దేయవస్తువు, దానకారణము, కాలము చెప్పఁబడును. తుదను శాపవాక్యము లుండును. సమర్పణఖడ్గములకుఁ బడమటివారి పద్ధతియు నించుమించుగా నిట్టిదే. 1803 మొదలు కొన్నియేండ్లు లండనులోని లాయిడ్సు దేశభక్తనిధివారు యుద్ధమునఁ బేరుగొన్న యధికారులకు నూఱు, ఏఁబది, ముప్పది పౌండ్ల వెలగల ఖడ్గముల నిచ్చుచు, ఎవనికి, ఏ యుద్ధమున, ఏ పనికి అను సంగతులను వానిపైఁ జెక్కించిరి. మన శాసనమునందున్న యంగములలో శాపవాక్యము మాత్రము లేదు. భూమి నపహరించువారికిఁ బాపము చెప్పు సంప్రదాయము, అపహృతమైన దానినే బహుమతిగా నిచ్చుచోటఁ బొసఁగదు గదా.

ఈ సమర్పణమునకు వెనుక నింకొక సంగతి గలదు. అది వాక్యమునఁ గానరాదు. కోట పట్టుటకు ముందే, నిజాము పక్షపు సేనపై నాయకత్వమును బేయర్డునకు గాక యతనికంటెఁ జిన్నవాఁడైన ఆర్థరు వెల్లెస్లీ కిచ్చిరి. కోట పట్టిన మఱునాఁడు పట్టణపు టధికారమును వెల్లెస్లీకే యిచ్చిరి. అతఁడు గవర్నరు జనరలునకుఁ దమ్ముఁడు. బేయర్డు తన కన్యాయము జరిగెనని హారిసునకు వ్రాసికొనెను. గండిలో ముందు నడచినవానికిఁ గత్తియు, వెనుక నుండినవానికిఁ గోటయు దక్కినవి. వెల్లెస్లీ పాలనదక్షుఁడని పిమ్మటఁ దెలియవచ్చినది. ఆ నియామకము చెడ్డదని నేననను. కాని యా ఖడ్గముతోడి మెప్పుమాటలను జదువునపుడు, వానిని బలుకుటకు గల యవసరము గూడఁ దెలిసియుండుట మంచిది.

తఱువాతి కొలువును క్లుప్తముగాఁ జెప్పెదను. 1801లో బేయర్డు హిందూదేశపు సేనతో ఎఱ్ఱసముద్రపుటొడ్డున దిగి, యెడారి దాఁటి నైలునదిని జేరెను. 1806లో గుడ్‌హోపు అగ్రమును డచ్చివారినుండి గైకొనెను. 1807లోఁ గోపెన్‌హాగను ముట్టడిలో నుండెను. 1809లో స్పెయినుదేశమునఁ గొరున్నా యుద్ధమున నెడమచేయి పోఁగొట్టుకొనెను. 1820లో ఐర్లండు సేనాధిపతి యయ్యెను. 1829 ఆగష్టులో మృతినొందెను.

1799 నాఁటి ముట్టడివలన మన సీమకుఁ గలిగిన ఫలములు రెండు. మొదటిది రాజకీయము. 1792లోను 1799లోను మైసూరునుండి తనకు వచ్చిన సీమలను నిజాము 1800 అక్టోబరులో నింగ్లీషువారికి దత్తము చేసెను. దత్తమండలము లను పేరు దానినుండియే. ఆ మండలములకుఁ బ్రధానకలెక్టరుగా వచ్చి 1807వఱకు నుండిన తామసు మన్రోయు బేయర్డువలెనే 1780 జనవరిలోఁ జెన్నపట్టణమున దిగిన సైనికుఁడు. కడప జిల్లా పల్లెల కైఫీయతులను గూర్పించిన కాలిన్ మెకంజీ యీ శ్రీరంగపట్టణపు ముట్టడిలో నిజాము పక్షపు సేనయందు ఇంజనీరుగా నుండినవాఁడు. ఊరి పుట్టుపూర్వములకై మనము నేఁడు తిరుగవేయు కైఫీయతులును ఖడ్గధారుల కాలమునఁ బుట్టినవే.

రెండవది గ్రంథవిషయము. కోట పడినపుడు టిప్పుసుల్తాను పుస్తకభాండాగారము గూడ నింగ్లీషువారి చేతఁ జిక్కెను. అందు రెండువేల దాఁకఁ జేతివ్రాఁత గ్రంథములుండెను. అరబ్బీ, పారసీక గ్రంథములే పెక్కు. చార్లెసు స్టూవర్టు అను పండితుఁడు వానికి వివరణపట్టికను గూర్చి 1809లోఁ గేంబ్రిడ్జి నగరమునఁ బ్రకటించెను. ఆ గ్రంథములలోఁ దండ్రికొడుకులు వెలయిచ్చి కొన్నవి మిక్కిలి తక్కువ యనియు, సావనూరు, కడప, కర్ణాటకసీమలనుండి కొల్లగొట్టి తెచ్చినవే పెక్కనియు నతఁడు వ్రాసినాఁడు. 1779లో సిద్ధవటమునఁ బోయినది నవాబు రాజ్యము మాత్రమే గాదు. పుస్తకములు గూడఁ బోయినవి. అవి యొకచోటఁ గొల్లసొత్తై చేరి, ఇరువదియేండ్లకు మఱల నచటినుండి కొల్లపోయి, కొన్ని కలకత్తాకును గొన్ని సీమకును దరలినవి. ఖడ్గమున కలుగుమీఁదనే పేరున్నది. ఈ పుస్తకములయం దేది కడపనుండి వచ్చినదో పోల్చుటకు మొదటిపుటలలోని ముద్రలను, లేఖకుని తుదివాక్యములను జదువవలెను. పారసీకము నేర్చిన మన పడుచువారెవ్వరైనఁ బూనినచో స్టూవర్టు పట్టికతో మొదలుపెట్టవచ్చును. కడప పేరు దాని యుపోద్ఘాతముననే కలదు.